తాళం వేసిన ఫోను

బదిలీ మీద హైదరాబాదు నుంచి సూరత్ వచ్చి అడాజన్‌లో ఇల్లు తీసుకుంటే మనకు బడి మారుతుంది, ఇరుగుపొరుగు భాష మారుతుంది. అమ్మానాన్నల ఫోను నంబరు మాత్రం మారనక్కరలేదు. ఈ సౌకర్యం మొదటి నుంచీ లేదు. మన దేశం టెలికాం సర్కిళ్లుగా విభజించి ఉంది. హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోది, సూరత్ గుజరాత్ సర్కిల్‌లోది. 2011 జనవరి 20న దేశమంతటా నంబరు పోర్టబిలిటీ వచ్చినా, అది ఒకే సర్కిల్ లోపల కంపెనీ మారడానికే పనికివచ్చేది. 2015 జూలై 3 నుంచి సర్కిల్ దాటినా పాత నంబరు ఉంచుకోవచ్చు.

నంబరుకు హద్దు పోయింది కాని, కొన్ని ఫోన్లకు ఇంకా హద్దు ఉంది. అమెరికాలోని బంధువులు ప్రేమగా ఇచ్చిన ఫోను ఇక్కడి సిమ్‌ను ఒప్పుకోకపోవచ్చు. కారణం తెలుసుకుందాం.

తాళం ఎలా పనిచేస్తుంది?

ప్రతి సిమ్‌లో దేశాన్ని, కంపెనీని తెలిపే అంకెలు ఉంటాయి. మన దేశానికి 404, 405 వంటి సంకేతాలు ఉన్నాయి. తాళం ఉన్న ఫోను ఆ అంకెలను చదివి, తనకు అనుమతి లేనివైతే నెట్‌వర్క్‌లో కలవదు.

ఇందులో రెండు రకాలున్నాయి.

1. నెట్‌వర్క్ లాక్: ఒకే కంపెనీ సిమ్ పనిచేస్తుంది. 2017లో వచ్చిన జియోఫోన్ ఇలాంటిదే.

2. రీజియన్ లాక్: ఒక ప్రాంతపు సిమ్‌లే పనిచేస్తాయి. 2013లో యూరప్‌లో అమ్మిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 3ని మొదట అక్కడి సిమ్‌తోనే ప్రారంభించాలి. ఆ తరువాతే ఇతర దేశాల సిమ్ వేసుకోవచ్చు.

కంపెనీలు ఎందుకు వేస్తాయి?

ఫోనును తక్కువ ధరకో, వాయిదాల మీదో ఇచ్చినప్పుడు ఖాతాదారు మధ్యలో వెళ్లిపోకుండా నెట్‌వర్క్ లాక్ వేస్తారు. ఒక దేశంలో చవకగా కొని మరో దేశంలో అమ్మకుండా రీజియన్ లాక్ వేస్తారు. కంపెనీ వాదనలో కొంత న్యాయం ఉంది. కాని డబ్బంతా కట్టిన తరువాత కూడా తాళం ఉంటే నష్టం కొనుగోలుదారుదే. దేశం మారినప్పుడు కొత్త సిమ్ పనిచేయదు, రోమింగ్ ఖర్చు తప్పదు, తిరిగి అమ్మితే ధర రాదు. బాగున్న ఫోను కూడా మూలన పడుతుంది.

అందుకే కెనడాలో 2017 డిసెంబరు 1 నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి మొబైల్ కంపెనీలు తాళం వేసిన ఫోన్లు అమ్మకూడదు.

మనం ఏం చేయాలి?

విదేశం నుంచి ఫోను తెచ్చేవారిని బయలుదేరకముందే "వాయిదాలు తీరాయా? తాళం తీయించారా?" అని అడగాలి. తాళం తీయవలసింది వేసిన కంపెనీయే. ఐఫోన్ సెట్టింగ్స్‌లో 'క్యారియర్ లాక్' ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటే తాళం లేనట్టే. పాత ఫోను కొనేటప్పుడు మన సిమ్ వేసి, ఒకసారి మాట్లాడి చూసిన తరువాతే డబ్బు ఇవ్వాలి.

ఆలోచించండి

1. నెట్‌వర్క్ లాక్‌కు, రీజియన్ లాక్‌కు తేడా ఏమిటి?
2. పూర్తి ధర చెల్లించిన వస్తువుపై అమ్మినవారికి హక్కు ఉండాలా? మీ అభిప్రాయం రాయండి.