మన ఎండకు నిలిచే కోను మొక్కలు: పెరట్లో ఏది పెట్టాలి, ఏది ముట్టకూడదు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు రైతులు "ఇంటి ముందు పైన్, దేవదారు లాంటివి పెట్టొచ్చా?" అని అడుగుతుంటారు. అవి చలి కొండల చెట్లు. మన ఎండాకాలం వడగాలికి ఆగవు. మరి మనకు పనికొచ్చేవేవో చూద్దాం.

మొదటిది థూజా. మోర్‌పంఖి అని కూడా అంటారు. ఎండను తట్టుకుంటుంది, వేర్ల దగ్గర నీళ్లు నిలిస్తే మాత్రం చచ్చిపోతుంది. నల్లరేగడిలో గుంత తీసి పెట్టకండి. అడుగు ఎత్తు మట్టి దిబ్బ చేసి, ఇసుక, ఘనజీవామృతం కలిపి దాని మీద నాటండి. మొదట్లో ఎండుగడ్డితో ఆచ్ఛాదన వేయండి. పొట్టి రకాలైతే మూడు నాలుగు అడుగుల్లోనే గుబురుగా ఉంటాయి.

రెండోది సైకస్. ఇది నిజమైన కోనిఫర్ కాదు గానీ, దానిలాగే పువ్వు పూయకుండా కోను కాస్తుంది. దీని వేర్లలో కొన్ని పగడంలా గుబురుగా నేల పైకి వస్తాయి. వాటిలో ఉండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. పప్పుధాన్యాల వేరుబుడిపెల పని లాంటిదే! నర్సరీల్లో దొరికేది జపాన్ సైకస్. అరటికి వచ్చినట్టే దీనికీ పిలకలు వస్తాయి. పిలక కోసి, గాయం ఆరేదాకా నీడలో ఉంచి, ఇసుక మట్టిలో పెట్టండి. గింజలు, ఆకులు విషం. పశువులు, మేకలు, కుక్కలు, పిల్లలు తిరిగే చోట వద్దు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మన శేషాచలం, కడప కొండల్లో పొట్టి కాండంతో పెరిగే సైకస్ బెడ్డోమీ ఉంది. సహజంగా ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆడ, మగ మొక్కలు వేరు. మగ కోనులను మందుకని కోసుకుపోతే పుప్పొడి ఉండదు, గింజ కట్టదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న మొక్క ఇది. అడవి నుంచి తవ్వి తేవడం నేరం. అనుమతి లేకుండా పెంచకూడదు కూడా. "కొండ మొక్క, చవకగా ఇస్తా" అని ఎవరైనా తెస్తే కొనకండి, అటవీ శాఖకు చెప్పండి.

దిబ్బ ఎలా చేయాలో, పిలక ఎలా కోయాలో పై వీడియోలో చూడండి.