మేజర్లు పెళ్లి చేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి, ఇరవై ఒకటి నిండిన అబ్బాయి ఇష్టపడి పెళ్లి చేసుకోవాలంటే కన్నవాళ్లు ఒప్పుకోవాలన్న షరతు మన చట్టంలో లేదు. కులమతాలతో పనిలేకుండా పెళ్లికి వీలు కల్పించే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్నే చూడండి. నోటీసిచ్చాక 30 రోజులు ఆగాలి, ఆలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చెల్లే అభ్యంతరాలు మాత్రం కొన్నే: వయసు చాలకపోవడం, మొదటి పెళ్లి రద్దు కాకపోవడం, మతిస్థిమితం లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం. 'మా కులం కాదు', 'మా పరువు పోతుంది' అన్నవి అందులో లేవు. చిక్కల్లా ఆ నోటీసుతోనే. పేర్లు, వయసు, వృత్తి, ఇంటి అడ్రసు ఉన్న ఆ కాగితాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. పగతో వెతికే బంధువుకు ఇంకేం కావాలి? ప్రాణభయం ఉన్న జంట ఆచూకీని చట్టమే బయటపెట్టడం అన్యాయం. ఆ నిబంధన పోవాలి.

ఇన్నేళ్లు పెంచినవాళ్లకు మాట చెప్పే హక్కు కూడా లేదా అని అడుగుతారు. ఉంది. వద్దనవచ్చు, మాట్లాడటం మానేయవచ్చు, తమ స్వార్జితం ఇవ్వకుండానూ ఉండవచ్చు. 2006లో లతా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే: నచ్చకపోతే రాకపోకలు తెంచుకోవచ్చు, బెదిరించడానికీ కొట్టడానికీ వీల్లేదు. 2018 మార్చిలో అదే కోర్టు శక్తివాహిని కేసులో ఇచ్చిన తీర్పు, ఇలాంటి జంటల రక్షణకు జిల్లాకో ప్రత్యేక విభాగం, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలంది. ఆ ఏడాదే మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్నందుకు ఓ దళిత యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఆసుపత్రి బయట నరికి చంపారు. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇక, పిల్లలు మోసపోతారన్న భయం. అది నిజమైన భయమే, కానీ పెద్దలు కుదిర్చిన సంబంధాల్లోనూ మోసాలున్నాయి. గృహహింస చట్టం, మనోవర్తి ఏ పెళ్లికైనా ఒకటే. పద్దెనిమిది నిండకపోతే మాత్రం మాట వేరు. అమ్మాయి ఇష్టపడినా పోక్సో కేసు తప్పదు, ఆగడమే మంచిది.

ప్రమాదం ఉందనిపిస్తే పెళ్లికి ముందే వయసు రుజువుగా టెన్త్ మెమోల నకళ్లు జతచేసి ఎస్పీకి అర్జీ పెట్టుకోండి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెడితే పోలీసులు స్టేషన్‌కు పిలిపించి, 'ఒక్కసారి ఇంటికెళ్లి మీ అమ్మతో మాట్లాడి రా తల్లీ' అంటే వెళ్లి తీరాలని లేదు. 'నేను మేజర్‌ని, నా ఇష్టంతోనే వచ్చాను, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం ఇస్తాను' అని గట్టిగా చెప్పండి. అమ్మాయిని ఇంట్లో బంధిస్తే ఆమెను కోర్టు ముందు హాజరుపరచమని కోరుతూ భర్త హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేయవచ్చు. లాయరు ఫీజు లేదని వెనకాడకండి. మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోన్ నంబరు 15100.