పాట మందైతదా?

సమస్య

అక్కా, నాకు నలభై ఏడేండ్లు. మాది కోరుట్ల దగ్గర పల్లె, తల్లిగారిల్లు జైనూర్ దిక్కు. బీడీలు చుడత. మా ఆయన ఏండ్ల సంది దుబాయ్‌ల ఉంటడు. బిడ్డ హైదరాబాద్‌ల చదువుతున్నది. ఏడాది నుంచి నెలసరి సక్కగ లేదు. రెండు నెలలు ఆగుతది, మళ్ల వస్తది. ఉన్నట్టుండి ఛాతిల సెగ లేసి ముఖం దాక పోతది, చెమటలు కారుతయి. నడి రాత్రి తెలివైతే మళ్ల నిద్ర పట్టదు. చాట ముందట పెట్టుకుని కూసుంటే చెయ్యి ఆడది. ఊకె ఏడుపొస్తది. ఒక్కోసారి నేనెందుకున్ననా అనిపిస్తది.

మునుపు మా వాడల బతుకమ్మ పాట ఎత్తుకునేది నేనే. పోయినేడు అందరి నడుమ చెమటలు పట్టి సిగ్గనిపించింది, రెండో దినం నుంచి పోలేదు. నా బిడ్డ ఫోన్ల వీణ రాగాలు పంపి, ఇది మ్యూజిక్ థెరపీ, రోజూ ఇను, తగ్గుతది అంటున్నది. ఇంటున్న గని మనసు నిలుస్తలేదు. వాడకట్టోళ్లు గర్భసంచి తీయించుకో, పీడ పోతది అంటున్నరు. ఏం జెయ్యాలె?

– ఒక చెల్లె, ఉమ్మడి కరీంనగర్ జిల్లా

సలహా

చెల్లే, నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. 'నేనెందుకున్ననా' అనిపించిన రాత్రి ఒంటరిగా ఉండకు. 14416 నంబరుకు ఫోన్ చెయ్. అది టెలి మానస్, సర్కారుదే, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు. ఈ సంగతి నీ బిడ్డకు కూడా చెప్పు. నెలసరి ఆగిపోయే ముందటి ఏళ్లలో హార్మోన్లు ఎగుడుదిగుడవుతాయి, అప్పుడు మనసు కుంగడం ఎక్కువ. అది నీ బలహీనత కాదు.

గర్భసంచి మాట కూడా ఇప్పుడే తేల్చేద్దాం. సెగలు పుట్టేది గర్భసంచిలో కాదు. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి ఒంటి వేడిని కాచుకునే మెదడు భాగం చిన్న మార్పుకే ఉలిక్కిపడి చెమట పట్టిస్తుంది. గర్భసంచి తీసినా అవి పోవు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే సెగలు ఇంకా ముదురుతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో వందకు ముగ్గురైతే తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. ఆ లెక్క చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. వాడకట్టు మాట మీద ఆ కత్తి కిందికి పోకు.

ఇక పాట. నీలాంబరి జోలపాటల రాగమని పెద్దలు చెప్తారు, వింటే హాయిగానే ఉంటుంది. కానీ ఫలానా రాగం వింటే సెగలు ఆగుతాయని రుజువు లేదు. మనసు విషయంలో మాత్రం సంగీతానికి సాక్ష్యం ఉంది. కుంగుబాటుకు మామూలు వైద్యంతోపాటు సంగీత చికిత్స కూడా ఇచ్చినవాళ్లు, వైద్యం ఒక్కటే తీసుకున్నవాళ్ల కంటే కొంతకాలం వరకైనా మెరుగ్గా ఉన్నారని 2017లో కొక్రేన్ సంస్థ తొమ్మిది అధ్యయనాలను కలిపి చూసి చెప్పింది. వైద్యం మానేసి కాదు, వైద్యంతోపాటు. నీకు దగ్గరగా తోచే సంగతి ఇంకోటుంది. ఇంగ్లండులో కాన్పు తర్వాత కుంగిపోయిన 134 మంది తల్లులతో ఒక అధ్యయనం చేసి 2018లో ఫలితం చెప్పారు. గుంపుగా కూర్చుని పాడిన తల్లులలో బాధ ఎక్కువగా ఉన్నవాళ్లు మామూలు సాయం మాత్రమే అందినవాళ్ల కంటే తొందరగా తేరుకున్నారు. ఆ తల్లులు చెవుల్లో పాట పెట్టుకుని ఒంటిగా పడుకోలేదు, నోరు విప్పి పాడారు.

నీ ఫోన్‌లోని వీణ మీద మనసు నిలవకపోవడం నాకు వింతగా లేదు. ఆయన దుబాయ్‌లో, బిడ్డ పట్నంలో, నువ్వు ఇంట్లో చాట ముందు ఒక్కదానివి. నువ్వు పాట ఎత్తుకుంటే పదిమంది అందుకోవడం నీకు అలవాటు. అది పోయింది, దాని బదులు చెవిలో తీగ వచ్చింది. బిడ్డ ప్రేమతోనే పంపింది, కాదనను. రాత్రి తెలివైనప్పుడు సన్నగా పెట్టుకో. పగలు మాత్రం చాట తీసుకుని ఇంకో బీడీ చేసే ఆమె అరుగు మీదికి పో. ఆకు కత్తిరిస్తూ నీకు వచ్చిన పాట ఎత్తు. చెమట పడితే పట్టనీ, భుజాన తడి తువ్వాల ఉంచుకో, నూలు చీర కట్టుకో. నీ ఈడు ఆడవాళ్లలో ఇంకా ఎందరికో ఈ సెగలు ఉంటాయి, చెప్పుకోరంతే. దీపావళికి తల్లిగారింటికి పో. పద్మశ్రీ అందుకున్న గుస్సాడీ ఆటగాడు కనకరాజు ఊరు మార్లవాయి ఆ జైనూర్ మండలమే. అటు గోండు గూడేలలో దీపావళి రోజుల్లో జరిగే దండారి పండుగలో ఆట, పాట ఉంటాయి.

పాటల కంటే ముందు డాక్టరును కలువు. ఆడవాళ్ల కోసం పెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు 2023 మార్చి 8న మీ కరీంనగర్ నుంచే మొదలయ్యాయి, మంగళవారాలు చూసేలా పెట్టారు, ఈ వయసు ఇబ్బందులు కూడా అందులో చేర్చారు. ఇప్పుడు నీకు దగ్గరలో ఎక్కడైనా ఉందేమో ఆశా కార్యకర్తను అడుగు. రక్తం శాతం, థైరాయిడ్, షుగర్, బీపీ చూడమని డాక్టరును అడుగు. థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే చెమటలు పడతాయి, నిద్ర చెడుతుంది. సెగలు నిలవనీయకుంటే హార్మోన్ గోలీలు నీకు సరిపడతాయా లేదా అని డాక్టరే చెప్తుంది. మనసుకు మందు రాస్తే భయపడి ఆపేయకు. నెత్తురు మరీ ఎక్కువ పోయినా, ఏడాది పాటు ఆగిపోయి మళ్లీ కనిపించినా ఒక్క రోజు కూడా ఆగకుండా పో.

డాక్టరు ఏమన్నదో నాకు మళ్లీ రాయి.