సాఫ్టువేరు ఉద్యోగి దినచర్య



"చదువు ముగిసిన పిమ్మట ఏ పని చేయుదువు?" అని తరగతిలో నడిగినచో నేడు అనేకులు "సాఫ్టువేరు" అని బదులు చెప్పుచున్నారు. ఆ పని యెట్టిదని మరల ప్రశ్నించినచో, చల్లని గదిలో కూర్చుండి మీటలు నొక్కుట యని కొందరును, మంచి జీతము వచ్చు కొలువని కొందరును చెప్పుదురు. తల్లిదండ్రులలో పలువురకును ఇంతకు మించి తెలియదు. కావున అట్టి యుద్యోగి యొక్క సాధారణ దినమెట్లు గడచునో యీ పాఠమున వివరింపదలచితిమి.

హైదరాబాదు నగరపు పడమటి భాగమున మాదాపురమునందు 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు అను భవనము ప్రారంభింపబడెను. తరువాత ఆ చుట్టుప్రక్కల సాఫ్టువేరు కార్యాలయములు విస్తారముగా పెరిగినవి. అందొకదానిలో పనిచేయు యువతి నొకతెను మనము ఊహించుకొందము. ఆమె మెట్రో రైలులో రాయదుర్గము స్టేషనునకు వచ్చి, ఉదయము 10 గంటలకు తన స్థానమున కూర్చుండును. కొన్ని దినములలో ఇంటినుండియే పనిచేయును.

మొదట స్టాండప్ అను చిన్న సమావేశము జరుగును. నిన్న ఏమి చేసితిమి, నేడు ఏమి చేయుదుము, అడ్డంకి యేమైన గలదా యను మూడు సంగతులను ఒక్కొక్కరు క్లుప్తముగా చెప్పుదురు. ఇది సుమారు పదునైదు నిమిషములలో ముగియును.

పిమ్మట ఆమె వెంటనే వ్రాయ నారంభించునని తలంపవలదు. అధికకాలము చదువుటయందే గడచును. ఇతరులు పూర్వము వ్రాసిన కోడును చదివి, అది యేల అట్లు వ్రాయబడినదో గ్రహింపక, అందొక పంక్తినైనను మార్చుట క్షేమము కాదు. 1996వ సంవత్సరము జూన్ 4వ తేదీన ఐరోపా వారి ఏరియన్ 5 రాకెట్టు బయలుదేరిన సుమారు 40 సెకనులకే ఆకాశమున బ్రద్దలయ్యెను. పాత ఏరియన్ 4 కొరకు వ్రాసిన ప్రోగ్రాము భాగమును క్రొత్త రాకెట్టునందు అట్లే వాడియుండిరి. క్రొత్త దాని వేగము హెచ్చగుటచే ఒక సంఖ్య తనకు కేటాయింపబడిన చోట పట్టనంత పెద్దదయ్యెను. పాత రాకెట్టునకు సరిపోయినది క్రొత్త రాకెట్టునకు సరిపోలేదు.

ఇక వ్రాయు పనిని మనకు తెలిసిన మార్కుల పట్టికతో పరిశీలింతము. ఉత్తీర్ణులగుటకు 35 మార్కులు కావలెననుకొందము. "35 కంటె ఎక్కువ వచ్చినవారు ఉత్తీర్ణులు" అని ప్రోగ్రాములో వ్రాసినచో నేమగును? 34 వచ్చినవాడు తప్పును; అది సరియే. 36 వచ్చినవాడు గట్టెక్కును, అదియు సరియే. సరిగా 35 తెచ్చుకొన్న బాలుడు మాత్రము అన్యాయముగా తప్పును. అచ్చట "35 గాని, అంతకెక్కువ గాని" యని వ్రాయవలసియుండెను. యంత్రమునకు దయ లేదు, సందేహమును లేదు. వ్రాసినదానిని వ్రాసినట్లే చేయును. తక్కిన ఫలితములన్నియు సరిగా నుండుటచే ఈ పొరపాటు కార్యాలయమున ఎవరి కంటను పడకపోవచ్చును. ఆ బాలుని యింట మాత్రము ఏడ్పు వినబడును.

అందువలన మన యుద్యోగిని తాను వ్రాసినదానిని 34, 35, 36 అను మూడింటితోను పరీక్షించును. దీనిని హద్దులను పరీక్షించుట యందురు. తరువాత తన కోడును తోటివారొకరికి చూపును. వారు ప్రతి పంక్తిని చదివి, "ఇది యేల? ఇచ్చట ఖాళీగా విడిచినచో నేమగును?" అని ప్రశ్నలు వ్రాయుదురు. మీ పుస్తకములలో మేము ఎఱ్ఱసిరాతో దిద్దుటవంటిదే యిది; దిద్దువారు సమానులగుట యొక్కటే భేదము. ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు మార్చిరో గిట్ అను పనిముట్టునందు నిలిచియుండును. దానిని 2005వ సంవత్సరమున లైనస్ టోర్వాల్డ్స్ అను నతడు నిర్మించెను.

నేడు కృత్రిమమేధ యంత్రములు అడిగినంతనే కోడు వ్రాసి యిచ్చుచున్నవి. అయినను వ్రాసినది సరియేనాయని చదివి చూచుటయు, దాని ఫలమునకు బాధ్యత వహించుటయు మనుష్యుల వంతుననే యున్నవి.

సాయంకాలము ఆమె యిల్లు చేరును. కాని దినము ముగియదు. తోటి పనివారు అమెరికాలో నున్నచో, మనకు రాత్రి 8 గంటలగునప్పుడు వేసవిలో న్యూయార్కున ఉదయము 10 గంటల 30 నిమిషములు, కాలిఫోర్నియాలో 7 గంటల 30 నిమిషములు. శీతకాలమున వారు తమ గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు, మనము త్రిప్పము. కావున వారికి మారని సమావేశము మనకు ఒక గంట ఆలస్యమగును. ఇదిగాక, ప్రోగ్రాము నడిరేయి ఆగిపోయినచో లేచి చక్కదిద్దుటకు వంతులు వేసికొందురు. తన వంతు వచ్చినపుడు ఆమె ఫోనును తలగడ ప్రక్కనే యుంచుకొని నిద్రించును.

తల్లిదండ్రులారా, పట్టణమునుండి మీ బిడ్డ రాత్రివేళ మాటలాడక ఫోను పెట్టివేసినచో, ప్రేమ తగ్గినదని నొచ్చుకొనవలదు. ఆ గంట ఎవరి గడియారము ననుసరించి నడచుచున్నదో విచారింపుడు. కాని పని లేని సాయంకాలములను పనికి అప్పగింపవలదని బిడ్డకు చెప్పుటయు మీ ధర్మమే. నిద్రమబ్బుతో చదువువాని కంటికి 35 వద్ద నున్న తప్పు కనబడదు.

విద్యార్థులారా, ఈ కొలువునకు కావలసిన మొదటి విద్య కంప్యూటరు లేకయే నేర్వవచ్చును: ఒక పేరాను నిదానముగా చదువుట, లెక్కను మరల సరిచూచుకొనుట, స్నేహితుడు తప్పు చూపినపుడు అలుగకుండుట. ఇప్పుడీ రెండు ప్రశ్నలకు జవాబులు వ్రాసి, నోటుపుస్తకములు మార్చుకొని, ఒకరివి యొకరు దిద్దుకొనుడు.

1. 60 ఏండ్లు నిండినవారికి టిక్కెట్టు ధర తగ్గించు ప్రోగ్రామును ఏ మూడు వయస్సులతో పరీక్షింపవలెను? ఏల?

2. జూన్ మాసమున మనకు రాత్రి 9 గంటలైనపుడు న్యూయార్కున గంట యెంత? జనవరిలో ఎంత?