సంగీతజ్ఞుల చిరకీర్తి విచారము

ఒక కాలమున జనుల నోళ్లలో నానిన గాయకుని పేరు ఏబదియేండ్లు గడచునప్పటికి ఏల మరుగుపడును? అతనికి సమకాలికుడై, అంతటి ప్రఖ్యాతి నొందని వేరొకని పేరు ఏల నిలుచును? నేడు సభలలోను, ఆకాశవాణిలోను, చలనచిత్రములలోను పాడుచున్నవారిలో రాబోవు తరములవారు ఎవరిని తలచుకొందురు? ఈ ప్రశ్న జోస్యమునకు సంబంధించినదివలె తోచును గాని నిజమునకు లక్షణవిచారమునకు చెందినది. గడచిన కాలమున ఎవరు నిలిచిరో, ఏ హేతువుచే నిలిచిరో తెలిసినచో నేటివారి విషయము కొంతవరకు అనుమింపవచ్చును. దృష్టాంతబలము లేని అనుమానము నిలువదు గనుక ముందుగా శాస్త్రమును, పిదప లోకవృత్తమును పరిశీలింపవలసియున్నది.

విషయము

శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దిలో రచించిన సంగీతరత్నాకరమున ప్రకీర్ణకాధ్యాయ ప్రారంభమున వాగ్గేయకార లక్షణమును నిరూపించెను. పాటలోని వాక్కునకు మాతువనియు, గేయభాగమునకు ధాతువనియు శాస్త్రసంజ్ఞలు. ఈ రెంటిని సమర్థముగా కూర్పగలవాడు ఉత్తమ వాగ్గేయకారుడు. ధాతువునందు అధికుడై మాతువునందు మందుడైనవాడు మధ్యముడు. మాతువు ఎంత రమ్యముగా కూర్చినను ధాతువు మందమైనచో అట్టివాడు అధముడు. ఈ తారతమ్యమును బట్టి శాస్త్రకారుని దృష్టిలో ధాతువునకే ప్రాధాన్యమని స్పష్టమగుచున్నది. సంగీతశాస్త్రమున ఇది యుక్తమే.

గాయకులనుగూర్చి చెప్పుచు ఆయనయే శిక్షాకారుడు, అనుకారుడు, రసికుడు, రంజకుడు, భావకుడు అని ఐదు విధములను చెప్పెను. శిష్యులకు లోపము లేకుండ నేర్పువాడు శిక్షాకారుడు. ఇతరుల ఫణితిని అనుకరించువాడు అనుకారుడు. తాను రసావిష్టుడై పాడువాడు రసికుడు. వినువారిని రంజింపజేయువాడు రంజకుడు. పాటకు ఒక అతిశయమును ఆపాదించువాడు భావకుడు. రాచకొండ నేలిన సింగభూపాలుడు, విజయనగరమున నుండిన కల్లినాథుడు ఈ గ్రంథమునకు వ్యాఖ్యలు రచించిన వారగుటచే ఈ విభాగము మన దేశమున బహుకాలముగ సుపరిచితమే.

ఇచ్చట ఒక సంశయము కలుగుచున్నది. ఈ యోగ్యతలలో ఏది చిరకీర్తికి హేతువు? శాస్త్రము ధాతువును ముఖ్యమనుచుండగా లోకము ఎవరి పేరును స్మరించుచున్నది?

పూర్వపక్షము

కొందరు ఇట్లందురు: పూర్వకాలమున ధ్వనిని నిలుపు సాధనము లేదు గనుక గాయకులు విస్మృతులైరి. మన దేశమున 1902లో గ్రామఫోను ముద్రణ ఆరంభమైన పిమ్మట, టేపులు, క్యాసెట్టులు, నేటి కంప్యూటరు సాధనములు వచ్చిన పిమ్మట ఆ బాధ తొలగినది. నేటి గాయకుని గానము సమస్తము భద్రమై యుండును. కావున నేటివారు పూర్వులవలె మరుగుపడరు.

ఈ వాదము పైకి బలవత్తరముగ కనబడినను నిలువజాలదు. స్థితి వేరు, స్మృతి వేరు. తార్కికుల మతమున స్మృతి సంస్కారజన్యము. కాని సంస్కారము ఉన్నంతమాత్రమున స్మృతి కలుగదు. దానిని మేల్కొలుపు ఉద్బోధకము కావలెను. బాల్యమున చదివిన శ్లోకము మనస్సున ఉండియే యుండును, మొదటి పదమును ఎవరైనను అందించినపుడు గాని పైకి రాదు. ధ్వనిముద్రణ సంస్కారము వంటిది. అది గానమును నిలుపును గాని దానిని తలచుకొనుటకు హేతువును కల్పింపదు. పెట్టెలో నున్న పళ్లెము తనంతట తాను మ్రోగదు. పైగా, పూర్వము గానము నశించుటచే మరపు కలిగెను. నేడు గానము అపారమగుటచే మరపు కలుగుచున్నది. వేలకొలది గంటల ముద్రణములలో ఒకని గొంతును వెదకి వినుటకు వినువానికి ఒక నిమిత్తము ఉండవలెను. ఆ నిమిత్తము ఏది యనునదే ప్రస్తుత విచారము.

సిద్ధాంతము

పూర్వుల చరిత్రము పరిశీలింపగా సంగీతజ్ఞుని పేరునకు ఉద్బోధకములు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది ముద్ర. త్యాగరాజస్వామి (1767–1847) కృతిని పాడువాడు తలచినను తలపకున్నను చరణాంతమున ఆయన పేరును ఉచ్చరింపక తప్పదు. క్షేత్రయ్య జీవితమునుగూర్చి మనకు నిశ్చితముగ తెలిసినది స్వల్పము; అయినను మువ్వగోపాల ముద్రచే ఆయన పదము ఎచ్చట వినబడినను గుర్తింపబడుచున్నది. కవి పేరు పాటలోనే ఇమిడియున్నందున పాట యున్నంతకాలము పేరు ఉండును.

రెండవది శిష్యుడు. శొంఠి వేంకటరమణయ్యగారి గానమెట్టిదో నేడు విన్నవారు లేరు; త్యాగరాజస్వామికి గురువగుటచే ఆయన పేరు నిలిచినది. తానప్పాచార్యుని మనము ఎరుగుట వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో తన గురువును కీర్తించుటవలననే. ఈ శతాబ్దికి ముందు తరములో పట్రాయని సీతారామశాస్త్రిగారిని సంగీతజ్ఞులు కానివారు సైతము ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గురువుగా తలచుచున్నారు.

మూడవది పాఠ్యము, గ్రంథము. పచ్చిమిరియము ఆదిప్పయ్యగారి పేరు భైరవీరాగ వర్ణమొక్కదానిచే రెండు శతాబ్దులకు పైగా నిలిచియున్నది. ఆ వర్ణమును నేర్వని విద్యార్థి లేడు, నేర్పునపుడు కర్తపేరు చెప్పని గురువు లేడు. 1904లో ఎట్టయపురమున ప్రకటితమైన సుబ్బరామదీక్షితుల సంగీతసంప్రదాయ ప్రదర్శిని కృతులను స్వరలిపితో నిలుపుటయే గాక వాగ్గేయకారుల చరిత్రములను గూడ తెలుగున చెప్పినది. ఆ గ్రంథమే లేనిచో ఎందరి పేర్లు లుప్తములై యుండెడివో ఊహింపవచ్చును.

నాలుగవది నిత్యప్రయోగము. ఇది విశేషముగ విచారింపదగినది. శ్రీవేంకటేశ్వర సుప్రభాతము ప్రతివాది భయంకరం అణ్ణన్ రచన యని పండితులెరుగుదురు. జనసామాన్యమునకు మాత్రము అది ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి (1916–2004) సుప్రభాతము. ఇచ్చట కర్తకంటె గాయని ప్రసిద్ధురాలైనది. ఘంటసాలవారు 1974లో దివంగతులైనను వారి భగవద్గీతా గానము తెలుగునాట నేటికిని వినబడుచునే యున్నది. వేకువకో, వ్రతమునకో, అపరకర్మకో అంగమైన గాత్రమును ఆయా సందర్భములే ప్రతిదినము మేల్కొలుపుచుండును. ముద్ర లేకున్నను గాయకుడు నిలుచుటకు ఇది యొక్కటే దృఢమైన మార్గము. అట్టి భాగ్యము శతాబ్దికి ఒకరిద్దరికి గాని లభింపదు.

ఈ నాలుగును లేని ప్రఖ్యాతి ఎట్లగునో బొబ్బిలి కేశవయ్య వృత్తాంతము తెలుపుచున్నది. ఆయన బిరుదములతో దేశమంతయు జయించి తంజావూరు సభకు వచ్చిన మహాగాయకుడని సంప్రదాయ కథనము. శ్యామాశాస్త్రిగారు ఆయనను ఓడించిరని ఆ కథయే చెప్పుచున్నది. నేడు కేశవయ్యను తలచుట శ్యామాశాస్త్రిగారి చరిత్రము చెప్పు సందర్భముననే. శార్ఙ్గదేవుని విభాగమున ఆయన ఉత్తమ రంజకుడై యుండవచ్చును. కాని రంజకత్వము వినువారితోనే ముగియును. వాగ్గేయకారత్వము, శిక్షాకారత్వము మాత్రమే తరువాతి తరమునకు సంక్రమించును.

ధాతుకర్త దురవస్థ

శాస్త్రమునకు లోకమునకు గల విరోధము తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనముల విషయమున స్ఫుటముగ కనబడును. తిరుమల సంకీర్తన భాండారమునందలి రాగిరేకులపై మాతువు కలదు, రాగనామము కలదు, స్వరరచన లేదు. ఆచార్యుని ధాతువు కాలగర్భమున కలిసినది. 20వ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతులు వాఙ్మయమును పరిష్కరించిన పిమ్మట వరుసలు క్రొత్తగా కట్టవలసివచ్చినది. రాళ్లపల్లివారు (1893–1979), నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014), మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016), గరిమెళ్ల బాలకృష్ణప్రసాదుగారు (1948–2025) ఆ కార్యమును నిర్వహించినవారిలో ముఖ్యులు.

నేడు "నానాటి బదుకు" కీర్తనను రేవతిరాగమున పాడువారు దేశవిదేశములలో లెక్కకు మిక్కిలిగ కలరు. ఆ వరుస నేదునూరివారిదని వారిలో ఎందరు చెప్పుచున్నారు? ముద్ర వేంకటేశ్వరునిది, కీర్తి అన్నమాచార్యునిది. ధాతుకర్త పేరు పాటలో ఎచ్చటను లేదు. ఇంకొక తరము గడచినచో ఆ రేవతి అన్నమాచార్యులే కట్టిరను భ్రాంతి సిద్ధాంతమై కూర్చుండును. అపుడు ఇరువురకును అన్యాయము జరుగును. నేదునూరివారి శ్రమ మరుగగును. అన్నమాచార్యుల కాలపు గానస్వరూపమునుగూర్చి పరిశోధించువానికి అసత్యమైన ఆధారము లభించును. ధాతువు ముఖ్యమని శాస్త్రము ఘోషించుచుండగా ధాతుకర్త అనామకుడగుట మన సంప్రదాయమునకు తగినది కాదు.

ఈ విషయమున చలనచిత్రరంగమే మేలని చెప్పవలసియున్నది. అచ్చట పాట వ్రాసినవాని పేరును, వరుస కట్టినవాని పేరును వేరువేరుగ ప్రకటించుట ఆచారము. అందుచేతనే సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, కె.వి. మహదేవన్ ప్రభృతుల పేర్లు పాటతో పాటు నిలిచియున్నవి. 2023లో ఒక తెలుగు చలనచిత్ర గీతమునకు ఆస్కారు పురస్కారము లభించినపుడు అది ధాతుకర్తయగు కీరవాణికి, మాతుకర్తయగు చంద్రబోసునకు సంయుక్తముగ దక్కినది. పాడినవారికి దానిలో భాగము లేదు. శార్ఙ్గదేవుని వాగ్గేయవిభాగము అచ్చటివారికి తెలియకపోయినను దానినే వారు పాటించిరి.

నేటివారి విషయము

పై లక్షణములను బట్టి సమీపకాలపు విద్వాంసులనుగూర్చి కొంత చెప్పవచ్చును. బాలమురళీకృష్ణగారు 72 మేళకర్తలలో కృతులు రచించి ముద్రను గూడ ఉంచిరి. వారి తిల్లానాలను ఇతరులు పాడుచున్నారు. కావున గాయకునిగా కంటె వాగ్గేయకారునిగా వారు చిరకాలము నిలుతురు. శ్రీపాద పినాకపాణిగారు (1913–2013) వృత్తిచే వైద్యులు, సభాగానమున ప్రజాదరణకై ప్రాకులాడినవారు కారు. అయినను సంగీతసౌరభమను స్వరలిపి గ్రంథముచేతను, నేదునూరి, వోలేటి వేంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ వంటి శిష్యులచేతను వారి స్థానము సుస్థిరము. ఉత్తమ శిక్షాకారునకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు. చలనచిత్ర ధాతుకర్తలలో ఇళయరాజా (జననము 1943) ప్రత్యేక ఫణితిచే, విస్తారమైన రచనచే నిలుచుట నిశ్చయము.

నేడు కచేరీలు చేయుచున్న యువవిద్వాంసులలో మాత్రము రంజకులు అనేకులు, శిక్షాకారులు అల్పులు. పినాకపాణి, నేదునూరిగార్ల పాఠాంతరమును వహించుచున్న మల్లాది సోదరుల వంటివారి చిరకీర్తి వారి సభల సంఖ్యపై గాక, ఆ పాఠాంతరమును వారినుండి ఎందరు సమగ్రముగ గ్రహింతురను దానిపై ఆధారపడియుండును. ఈ మాట మిగిలిన విద్వాంసులందరకును సమానము.

ప్రయోజనము

ఈ విచారమునకు ఫలము ఆచరణమునందే కలదు. కీర్తనను పాడునపుడు వాగ్గేయకారుని పేరుతో పాటు, వరుస వేరొకరిదైనచో ఆ ధాతుకర్త పేరును తప్పక ప్రకటింపవలెను. సంకీర్తన సంపుటములను పునర్ముద్రించునపుడు రేకుపై నున్న రాగమును, నేడు పాడుచున్న రాగమును, స్వరకర్త నామమును మూడింటిని వేరువేరుగ చూపవలెను. వరుస కట్టిన విద్వాంసుల శిష్యులు జీవించియుండగానే వారిని అడిగి ఏ వరుస ఎవరిదో వ్రాయించి సంగీత కళాశాలలలో భద్రపరుపవలెను. ఇది పెద్ద ధనవ్యయముతో కూడినది కాదు; కాని ఆ శిష్యులలో పలువురు వృద్ధులు గనుక జాగు చేయరాదు.

ఏ గాయకుడు నిలుచునో నిర్ణయించునది కాలమని లోకోక్తి. కాలము కేవలము నిమిత్తము; నిర్ణయించువారు నేర్చుకొనినవారు. గురువు పేరు చెప్పి పాఠము నేర్పు శిష్యుడొక్కడు మిగిలినను ఆ విద్వాంసుడు స్మృతుడే. అట్టివాడొక్కడును లేనిచో వేయి ముద్రణములున్నను అవి చదువువాడు లేని తాళపత్రములతో సమానములు.