పెద్దపండుగయు బలగమును: చరోదా తెలుగువారి బంధుపదములను గూర్చి ఒక పరిశీలనము

1. విషయ నిర్దేశము

తెలుగు బంధువాచకములను గూర్చి ఇంతవఱకు జరిగిన చర్చ అధికముగా వివాహమును ఆశ్రయించి జరిగినది. మేనమామ, మేనత్త, మేనల్లుడు, మేనకోడలు అను పదములు మేనరికమునకు సాక్ష్యములని అందఱును ఎఱుగుదురు. కాని ఏ యింటనైనను పెండ్లి ఎన్నడో ఒకమాఱు జరుగు కార్యము. ఆ పదములను ఏటేట వాడుకలో నిలుపుచున్న సందర్భము వేఱొకటి కలదు. అది పండుగ. సంక్రాంతికి ఒక యింట చేరిన బంధువులలో ఎవరు ఎవరిని ఏమని పిలుతురు, ఎవరు ఎవరికి ఏమి పెట్టుదురు, ఎవరితో ఎవరు పరిహాసమాడుదురు అను విషయములను పరికించినచో ఆ పదముల అర్థము నిఘంటువులో కంటె స్పష్టముగా తెలియును.

దీనిని తెలుగునాటికి వెలుపల పరిశీలించుట ఎక్కువ ఫలప్రదము. స్వస్థలమున ఆచారమును పదమును ఒండొంటిని అల్లుకొని ఉండుటచే ఏది దేనిని నిలుపుచున్నదో తెలియరాదు. పరభాషా మధ్యమున రెండింటి బలాబలములును బయటపడును. అందులకై ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దుర్గ్ జిల్లాలోని చరోదాను ఈ వ్యాసమున ఉదాహరణముగా గైకొనుచున్నాము.

2. చరోదాయు, అచటి తెలుగువారును

చరోదా భిలాయి ఉక్కునగరమునకు చేరువనున్న రైల్వే పట్టణము. హౌరా–ముంబయి ప్రధాన మార్గమున రాయపూరునకును దుర్గ్‌నకును నడుమ ఉన్నది. సోవియట్ ప్రభుత్వ సహాయముతో భిలాయిలో ఉక్కు కర్మాగారమును నిర్మించుటకు 1955 ఫిబ్రవరి 2వ తేదీన ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. కర్మాగారమునకు ముడిసరకు తెచ్చునట్టియు, ఉక్కును కొనిపోవునట్టియు వ్యాగనులను విడదీసి కూర్చు మార్షలింగ్ యార్డు చరోదాలో ఉన్నది. ఈ ప్రాంతము 2000 నవంబరు 1వ తేదీ వఱకు మధ్యప్రదేశ్‌లోని భాగము.

ఇచటి తెలుగువారిలో అనేకుల పూర్వస్థలములు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములు. దీనికి భూగోళము కొంత, రైలుమార్గము కొంత కారణములు. విజయనగరమునుండి బొబ్బిలి, పార్వతీపురము, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా రాయపూరు చేరు మార్గము 1931లో పూర్తి అయినది. నాటి బెంగాల్ నాగపూర్ రైల్వేలో తెలుగు కార్మికులు పెక్కుమంది పనిచేసిరి. ఖడ్గపూరులోని తెలుగు పేటలకును మూలము ఇదియే. రైలు చూపిన త్రోవనే ఉక్కు పనికిని జనము వచ్చినది.

ఇట్టి ఊరిలో పండుగకు ఒక చిక్కు కలదు. బ్లాస్ట్ ఫర్నేసును పండుగకని చల్లార్చుటకు వీలులేదు. యార్డులో వ్యాగనులు రాత్రింబవళ్లు కదలవలసినదే. మూడు షిఫ్టుల పనిలో ఒకే కుటుంబమువారైనను ఒకే పూట విస్తరి ముందు కూర్చుండుట దుర్లభము. “కనుమనాడు కాకైనను కదలదు” అను సామెత పుట్టిన నేలకును ఈ నేలకును గల భేదము ఇందే తెలియుచున్నది.

3. ఉమ్మడి కుటుంబము వేఱు, బలగము వేఱు

పెద్ద కుటుంబమని మనము సామాన్యముగా చెప్పుమాటలో రెండు భావములు కలిసియున్నవి. ఒకటి ఉమ్మడి కుటుంబము. దానికి ఒక ఇంటిపేరు, ఒక ఆస్తి, ఒక పొయ్యి. అందు తండ్రి, కొడుకులు, కోడండ్రు, మనుమలు ఉందురు. పెండ్లి అయిన ఆడుబిడ్డ దానినుండి వెడలిపోవును. రెండవది బలగము. సైన్యము, పరివారము అను అర్థములు గల ఈ పదము బంధుజన సమూహమునకు చెల్లుట గమనింపదగినది. బలగమునకు ఒక ఇంటిపేరు లేదు. ఆడుబిడ్డలు, అల్లుండ్రు, మేనమామలు, వియ్యాలవారు అందఱును అందు చేరుదురు.

ఉమ్మడి కుటుంబము దినదినమును కనబడును. బలగము పండుగనాడే కనబడును. పట్టణములలోని రెండు గదుల క్వార్టరులలో ఉమ్మడి కుటుంబము నిలువజాలదు. కాని బలగమునకు ఒక పైకప్పు అక్కఱలేదు, ఒక తేదీ చాలును. ఉమ్మడి కుటుంబము చెదరినను తెలుగువారి బంధుత్వము చెదరకుండుటకు కారణము ఈ భేదముననే ఉన్నదని మా అభిప్రాయము.

4. పండుగ దినముల బంధుధర్మము

ఉత్తరాంధ్రమున సంక్రాంతికి పెద్దపండుగ అని పేరు. పెద్దదైన పండుగ అనియు, పెద్దల పండుగ అనియు ఈ పేరునకు రెండు విధముల అర్థము చెప్పవచ్చును. ఆచారము రెండవ అర్థమునకే తోడ్పడుచున్నది. పండుగ దినములు ఒక్కొక్కటియు బలగములోని ఒక్కొక్క తరమును ముందుంచుచున్నవి.

భోగినాడు పిల్లలకు ప్రాధాన్యము. తెల్లవాఱక మునుపే మంటలు, సాయంకాలము భోగిపండ్లు. రేగుపండ్లు, పూలరేకులు, చెఱకు ముక్కలు, చిల్లర నాణెములు పసివాని తలపై పోయుచు ముత్తైదువలు దీవింతురు. సంక్రాంతినాడు గతించినవారికి ప్రాధాన్యము. క్రొత్తబట్టలను, వండిన పదార్థములను మొదట పెద్దలకు పెట్టి, పిదప బ్రతికియున్నవారు కట్టుకొని భుజింతురు. ఏయే పెద్దల పేర తీసి పెట్టవలెనో గుర్తు చేసుకొను ఆ కొద్ది నిముషములలో పిల్లలకు వంశావళి పాఠము జరుగును. ఇందుకు వేఱు గ్రంథము లేదు, వేఱు గురువు లేడు. కనుమనాడు పశువులకు పూజ, ఇంట గారెలు. ఆ దినమున ప్రయాణము కూడదను నియమము వచ్చిన చుట్టమును మఱియొక పూట నిలుపుటకు పనికివచ్చును. పండుగను ముగించుటకు అందఱకును తొందర ఉండును గావున, ఆ తొందరను ఆపుటకు పూర్వులు సామెతను కట్టిరి.

పిండివంటలలోను ఇదే ధర్మము కలదు. అరిసెలు ఒక్కరు చేయు వంట కాదు. బియ్యము నానబెట్టి, తడియాఱక ముందే దంచి, పిండి జల్లింపవలెను. బెల్లపు పాకము సరియైన అదనునకు వచ్చినప్పుడు ఒకరు పిండి పోయగా మఱియొకరు ఆపక కలుపవలెను. ఒకరు అద్దగా ఒకరు నూనెలో వేయుదురు, ఒకరు చెక్కలతో నూనె పిండుదురు. నలుగురు చేరనిదే ఈ వంట సాగదు. ఆ నలుగురిలో అత్త ఎవరు, వదినె ఎవరు, మఱదలు ఎవరు అనుదానిని బట్టి మాట మాఱును. పెద్దయత్త పాకము చూచును. క్రొత్తకోడలు ఆమె చెప్పినట్లు చేయును. వదినెలు, మఱదండ్రు మాత్రము ఎత్తిపొడుపులతో పొయ్యికడ ప్రొద్దుపుచ్చుదురు. అంగడిలో అరిసెలు కొనితెచ్చినచో తినుబండారమునకు లోపము లేదు. లోపించునది ఈ సంభాషణము.

5. వరుస: తెలుగు, హిందీ, ఆంగ్లము

తెలుగు బంధుపదముల కీలకము “వరుస” అను మాటలో ఉన్నది. తండ్రి సోదరుడు, తల్లి సోదరి భర్త, వీరిరువురును చిన్నాన్నలు లేక పెదనాన్నలు. వారి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. తల్లి సోదరుడును, తండ్రి సోదరి భర్తయు మామలు. వారి పిల్లలు బావలు, మఱదులు, వదినెలు, మఱదండ్రు. భార్య తండ్రియు మామయే. మగవానికి సోదరి కొడుకు మేనల్లుడు, కూతురి మగడు అల్లుడు. ఇట్లు బంధులోకమంతయు రెండు వరుసలుగా నిలుచును.

ఈ లక్షణము ద్రావిడ భాషలకు సామాన్యమని పండితులు నిరూపించిరి. లూయీ హెన్రీ మోర్గన్ 1871లో ప్రకటించిన గ్రంథమున దీనిని చర్చించెను. లూయీ దూమోఁ 1953లో ఈ పదజాలము వివాహ సంబంధమును తరతరములకు వ్యాపింపజేయు వ్యవస్థయని ప్రతిపాదించెను. అదే సంవత్సరమున ఇరావతీ కర్వే భారతదేశమందలి బంధువ్యవస్థలను ప్రాంతముల వారీగా పోల్చి గ్రంథము వెలువరించెను. థామస్ ట్రౌట్‌మన్ 1981లో ద్రావిడ బంధుత్వముపై సమగ్ర గ్రంథము వ్రాసెను.

చరోదాలోని తెలుగు బాలుడు బడిలో హిందీ నేర్చును. హిందీలో మామా అనగా తల్లి సోదరుడు మాత్రమే. తండ్రి సోదరి భర్త ఫూఫా, భార్య తండ్రి ససుర్. ఇట్లు తెలుగు ఒక్కటిగా చూచిన మువ్వురను హిందీ మూడుగా విడదీయును. దీనివలన పెద్ద నష్టము లేదు. అసలు మార్పు తరువాతి మెట్టున కలుగును. హిందీలో మామా పిల్లలైనను, చాచా పిల్లలైనను, అందఱును భాయీ–బహన్‌లే. మేనమామ కూతురిని “బహన్” అని పిలిచిన క్షణముననే మఱదలు అను పదముతో పాటు ఆ పదమునకు అంటియున్న పరిహాసము, చనువు, హక్కు అన్నియు అనుచితములగును. సంక్రాంతికి వచ్చిన బావ చెప్పులు దాచు మఱదలికి ఆ భాషలో చోటు లేదు.

ఆంగ్ల పదములైన అంకుల్, ఆంటీ దీనికి ఎదురు దిక్కున నష్టము కలిగించును. హిందీ అధికముగా విడదీయగా ఇవి రెండు వరుసలను ఒకటిగా కలిపివేయును. ఇంతకంటె ముఖ్యమైనది వేఱొకటి. తెలుగులో ఒకనిని అన్న అని పిలిచినచో ఆతని భార్య వదినె, ఆతని పిల్లలు నాకు కొడుకు–కూతురు వరుస, నా పిల్లలకు ఆతడు పెదనాన్న, ఆతని చెల్లెలి మగడు నాకు బావ లేక బావమఱది అని గణితమువలె తేలిపోవును. ఒక పదము నిలిచిన నూఱు పదములు దానిని వెంబడించును. అంకుల్ అను పదమునుండి ఏదియు తేలదు. అది పిలుపు మాత్రమే, వరుస కాదు.

ప్రవాసమున వరుసకు గల ప్రయోజనము ఇందే ఉన్నది. రక్తసంబంధము లేని ఇరుగుపొరుగువారిని సైతము తెలుగువారు వరుస కలుపుకొని పిలుతురు. ఒకే ఊరినుండి వచ్చినవారు, ఒకే యార్డులో పనిచేయువారు ఒకరిద్దఱ నడుమ వరుస కలిపినచో రెండు కుటుంబములును బలగమై పోవును. బొబ్బిలి బలగము సెలవు దొరకక రాలేకపోయినను అట్టి బలగము భోగిపండ్లు పోయుటకు వచ్చును. రాత్రి షిఫ్టు వానికి విస్తరి దాచియుంచును.

6. పొరుగువారి తీజా

ఛత్తీస్‌గఢీ జనుల ఆచారముతో పోల్చినచో మన విషయము మఱింత స్పష్టమగును. భాద్రపద శుద్ధ తదియనాడు వచ్చు తీజా పండుగకు పెండ్లి అయిన ఆడుబిడ్డను పుట్టింటివారు పోయి తోడ్కొని వత్తురు. ముందునాడు కాకరకాయతో అన్నము, దానికి కరూ భాత్ అని పేరు. మఱునాడు భర్త క్షేమమునకై ఉపవాసము. పుట్టింటివారు చీర పెట్టుదురు. ఆడుబిడ్డ పుట్టింటికి వచ్చుటయు, చీర పెట్టుటయు మన సంక్రాంతికిని కలవు. కాని తీజా ముఖ్యముగా స్త్రీల పండుగ. తెలుగువారి సంక్రాంతికి అల్లుడు కూడ రావలెను. క్రొత్తయల్లుడు లేని మొదటి సంక్రాంతి అత్తవారింట వెలితిగానే జరుగును.

అచట భాంచా, అనగా సోదరి కొడుకు, మిక్కిలి పూజ్యుడు. మేనమామయే ఆతని పాదములకు మ్రొక్కును. కౌసల్య దక్షిణ కోసలపు ఆడుబిడ్డయనియు, రాముడు ఆ దేశమునకంతటికిని భాంచా యనియు జనుల విశ్వాసము. మనయింట మేనల్లుడు మేనమామకు చనువరి, అల్లుడు కాదగినవాడు. ఒకే బంధువు ఒకచోట పూజ్యుడై వియ్యమునకు దూరమగుచున్నాడు, మఱియొకచోట వియ్యమునకు దగ్గఱయై తద్ద్వారమున పూజ్యుడగుచున్నాడు.

అయినను ఛత్తీస్‌గఢ్ అంతయు ఒకే తీరు అని తలపరాదు. ద్రావిడ భాషయైన గోండీ మాటలాడువారి స్వస్థలములలో ఇది ఒకటి. గోండులలో మేనరికము కలదు. దానిని దూధ్ లౌటావా, అనగా పాలు తిరిగి ఇచ్చుట, అందురు. ఒక తరమున ఇంటినుండి వెడలిన ఆడుబిడ్డకు బదులుగా మఱుతరమున ఆమె కూతురు ఆ యింటికి కోడలై వచ్చుట దీని భావము. శ్యామచరణ్ దూబే 1951లో ఛత్తీస్‌గఢ్‌లోని కమార్ జాతిని గూర్చియు, 1955లో తెలంగాణములోని శామీర్‌పేటను గూర్చియు గ్రంథములు ప్రకటించెను. ఈ రెండు నేలలను కలిపి చూచుటకు అట్టి మార్గము మనకు ముందే ఏర్పడియున్నది.

7. ఉపసంహారము

నేడు మేనరికములు తగ్గుచున్నవి. దగ్గఱ రక్తసంబంధమున పుట్టు పిల్లలకు కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చు అవకాశము హెచ్చను ఎఱుకయు, చదువులు, దూరప్రాంతపు సంబంధములును ఇందుకు కారణములు. ఇది విచారింపవలసినది కాదు. పదములు వివాహమునకే పుట్టినవైనచో వివాహముతోడనే అవి నశింపవలెను. కాని మఱదలిని పెండ్లాడు తలంపు లేనివాడును ఆమెను మఱదలనియే పిలుచుచున్నాడు, ఆమెయు వాని చెప్పులు దాచుచున్నది. కావున ఈ పదములు వివాహ యోగ్యతను మాత్రమే కాక, పెట్టుపోతల బాధ్యతను, చనువునకు హద్దును, పెద్దరికమునకు చోటును తెలుపునవిగా నిలిచియున్నవి. వానిని నిలుపునది పండుగ.

చరోదావంటి చోట్ల నిజమైన ప్రమాదము తెలుగు మాట పూర్తిగా మఱుగుపడుట కాదు. బంధుపదములు ఉండియు వరుస పోవుట. మామ అను ధ్వని హిందీలోను ఉన్నది. కాని అది వెంట తెచ్చు వరుస అందు లేదు. ధ్వని నిలిచినదని పరిశోధకుడు సంతసించుచుండగా అర్థము జాఱిపోవచ్చును.

అందుచే ప్రవాసాంధ్రుల బంధుపదములను సేకరించువారు “వీరిని ఏమని పిలుతురు?” అను ప్రశ్నతో తృప్తి చెందరాదు. పండుగనాడు ఎవరు ఎవరికి బట్టలు పెట్టిరి, ఎవరు ఎవరిని ఎగతాళి చేసిరి, ఎవరి ఎదుట ఎవరు మాట తగ్గించిరి, పెద్దలకు పెట్టునప్పుడు ఏ తరము వఱకు పేర్లు చెప్పిరి అనునవి కూడ వ్రాసికొనవలెను. ఆ వివరములు గలవారు నేటికిని జీవించియున్నారు. వారి మనుమలు హిందీలోను ఆంగ్లములోను చదువుచున్నారు. ఈ రెండు తరములును ఒకే చాపపై కూర్చుండు దినములు ఏడాదికి మూడో నాలుగో మాత్రమే కలవు. సేకరణమునకు తగిన కాలము అదియే.