టెలిఫోను తీగలలో మాటకు కొలత

ఒకరి మాట వందలకొలది మైళ్లు తీగవెంట పోయి మరియొకరి చెవికి స్పష్టముగ వినబడుటకు ధ్వనివర్ధక యంత్రముల బలమొక్కటియే చాలదు. ఆ మాట బలము ఎచ్చటను మితము తప్పరాదు. అది మిక్కిలి తగ్గెనేని తీగలోని రొద మాటను మ్రింగివేయును. మిక్కిలి హెచ్చెనేని మాట వికృతమగుటయే గాక ప్రక్క తీగలోనివారికిని వినబడును. కావున ఈ మితమును గొలుచు విధమును విద్యార్థులెరుగవలెనని మా యభిప్రాయము.

మొదట ఇంపీడెన్సు అననేమో చూతము. దిశ మారుచుండు విద్యుత్ప్రవాహమునకు గలుగు మొత్తము అడ్డంకికి ఇంపీడెన్సు అని పేరు. దీనిని ఓములలో గొలుతురు. స్తంభములపై సాగిన టెలిఫోను జంటతీగలకు ఇది సుమారు 600 ఓములు. తీగ చివర నంతే ఇంపీడెన్సు గల యంత్రమును గూర్చినచో, అచ్చటికి చేరిన శక్తి యంతయు యంత్రమున బ్రవేశించును. సమానము గానిచో, కొండను దాకిన కేకవలె కొంత శక్తి వెనుకకు మరలును. మాటలాడువానికి తన మాటయే ప్రతిధ్వనియై వినవచ్చును. 600 ఓముల ప్రమాణము వాడుకకు వచ్చుటకు ఇదియే కారణము.

ఇక బలము సంగతి. పూర్వము అమెరికాలో కొందరు 500 ఓములలో 6 మిల్లీవాట్టులను సున్నగా నెంచిరి; మరికొందరు వేరు సున్నలను వాడిరి. ఒకచోటి సున్న మరియొకచోట సున్న గాకుండుటచే చిక్కు గలిగెను. తుదకు 1939లో బెల్ ప్రయోగశాలయు, సి.బి.ఎస్., ఎన్.బి.సి. అను రేడియో సంస్థలును కలిసి, 600 ఓములలో ఒక మిల్లీవాట్టును మూలప్రమాణముగ నంగీకరించెను. వోల్టుల వర్గమును ఓములచే భాగించిన శక్తి వచ్చును గదా! 0.001ని 600చే గుణింప 0.6, దాని వర్గమూలము సుమారు 0.775. కావున సున్న డెసిబెల్ అనగా 0.775 వోల్టు. శక్తి పదిరెట్లయిన 10 డెసిబెలులు, నూరురెట్లయిన 20.

ఇప్పుడొక లెక్క. 600 ఓముల యంత్రమొకటి, అంతే ఇంపీడెన్సు గల వేరొకదానికి 0.775 వోల్టు నిచ్చుచున్నది. అనగా దాని లోపలి పీడనము 1.55 వోల్టులు. రెండవదాని ప్రక్కనే అట్టిదే మూడవదానిని గూర్చిన, ఆ రెండును గలిసి 300 ఓములగును. అప్పుడు వచ్చునది 1.55లో మూడవ వంతు, అనగా 0.517 వోల్టు మాత్రమే. మాట మూడున్నర డెసిబెలులు తగ్గిపోయినది! ఈ నష్టము దప్పించుటకే నేటి ధ్వనిశాలలలో పంపు యంత్రమునకు నూరు ఓముల ప్రాంతమును, అందుకొను యంత్రమునకు 10,000 ఓములకు తక్కువగాని ఇంపీడెన్సును ఉంచుచున్నారు. 600 ఓములు తొలగినను 0.775 వోల్టు మాత్రము సున్నగా నిలిచినది. దానికి 4 డెసిబెలులు పైన, అనగా 1.23 వోల్టులు, వాడుక మట్టము.

కొలతను జెప్పువాడు దేనితో బోల్చెనో కూడ జెప్పవలెను. లేనిచో అంకె వ్యర్థము. 500 ఓములలో ఒక మిల్లీవాట్టునకు ఎన్ని వోల్టులో విద్యార్థులు గట్టి చూతురుగాక. 0.707 వచ్చినచో పాఠము బోధపడినట్లే.